షికాగోలో బోల్టులు వెతుక్కుంటూ

నెవార్క్‌లో విమానం మారి షికాగో ఓహేర్‌లో దిగాను. జనమంతా సామాన్ల బెల్టు వైపు పరుగు తీస్తుంటే నేను తలెత్తి పైకప్పు చూస్తూ దారికి అడ్డంగా నిలబడిపోయాను. అది టెర్మినల్ 1. 1980ల చివర్లో కట్టారు, గీసింది హెల్ముట్ యాన్ అనే ఆర్కిటెక్టు. తెల్లరంగు వేసిన ఉక్కు కమానులు, వాటి నడుముల్లో వరసగా గుండ్రటి బెజ్జాలు, పైన గాజు. ఏ కమాను ఏ స్తంభం మీద ఎలా కూర్చుందో కింద నించుని చూడొచ్చు. శంషాబాద్‌లోనూ ఉక్కుంది, కాదనను. కానీ అక్కడ క్యాబ్ దొరుకుతుందా దొరకదా అన్న బెంగలో తలెత్తే తీరికెవరికి?

నా ఉద్యోగం చెబితే గానీ ఈ పిచ్చి అర్థం కాదు. హైదరాబాదులో కొన్ని ఆఫీసులున్నాయి. అమెరికాలో కట్టే ఉక్కు భవనాలకు అక్కడ కూర్చుని డ్రాయింగులు తీస్తుంటాం. దూలం ఎంత లావుండాలో అమెరికా ఇంజనీరు తేలుస్తాడు. ఆ దూలం వెళ్ళి స్తంభాన్ని ఎలా పట్టుకోవాలి, ఎన్ని బోల్టులు, ఎంత మందం ప్లేటు, ఎక్కడ వెల్డింగ్, ఎంత పొడుగు వెల్డింగ్ అన్నది మేం లెక్కగట్టి పంపిస్తే, అక్కడ లైసెన్సున్న ఇంజనీరు సరిచూసి ముద్ర వేస్తాడు. ఆఫీసులో అందరూ దీన్ని ‘కనెక్షన్లు’ అంటారు. పెళ్ళిచూపుల్లో ఈ మాట చెబితే పిల్ల తండ్రి కరెంటు ఆఫీసనుకున్నాడు. పగలు ఇంటి గుమ్మం కొలత మిల్లీమీటర్లలో చెప్తాను, రాత్రంతా అడుగులు, అంగుళాలు, అంగుళంలో పదహారో వంతులు. ఇన్నేళ్ళూ గీసినవన్నీ తెరమీదే చూశాను. చేత్తో తాకి చూడాలన్నది కోరిక.

ఓహేర్ నుంచి ఊళ్ళోకి బ్లూ లైన్ రైలుంది. మీరు వెళితే టాక్సీ జోలికి పోకండి. కొంతదూరం ఎక్స్‌ప్రెస్‌వే నట్టనడుమ వెళుతుంది. అటూ ఇటూ కార్లు కదలక నిలబడి ఉంటే మనం దర్జాగా ముందుకెళ్ళిపోతాం. తర్వాత సొరంగంలోకి దూరుతుంది. క్లార్క్-లేక్ స్టేషన్లో దిగి ఎస్కలేటర్లెక్కుతూ పోతే, భూమట్టం దాటి ఇంకా పైకెళ్ళి, వీధి నెత్తిమీద ఇంకో రైలు పట్టాల పక్కన తేల్తాం. కింద సొరంగం రైలు, మధ్యలో బజారు, పైన ఉక్కు కాళ్ళ మీద రైలు.

ఆ పైన తిరిగే దాన్ని అక్కడివాళ్ళు ‘ఎల్’ అంటారు. నగరం నడిబొడ్డును చుట్టే వలయం పేరు లూప్. అది 1897లో పూర్తయింది. నేను సూట్‌కేసు లాక్కుంటూ లేక్ స్ట్రీట్‌లోకి దిగి, ముందు ఒక స్తంభం దగ్గరికెళ్ళాను. స్తంభం రోడ్డులోనే ఉంది, కార్లు దానికి చెరోపక్కా వెళుతున్నాయి. ఒళ్ళంతా రివెట్ల తలలే. ఎన్ని పూతల రంగు పడిందో గానీ ఒక్కో తల అంచు మెత్తబడిపోయి, ప్లేటులోంచి మొలిచినట్టే ఉంది. ఒకచోట రంగు పెచ్చు లేచింది. అందులో ఎరుపు, దాని కింద ఇంకేదో బూడిదరంగు. చెయ్యేసి ఉండగానే పైన రైలొచ్చింది. స్తంభం సన్నగా వణికింది. ఆ మోతకి ఫుట్‌పాత్ మీద ఫోన్లో మాట్లాడుతున్నావిడ వాక్యం మధ్యలో ఆగి, రైలు పోయాక ఆ వాక్యాన్నే అందుకుంది. ఎవరూ తలెత్తలేదు.

మాది రాజమండ్రి. హేవలాక్ వంతెన రివెట్లు చూస్తూ పెరిగినవాణ్ణి. 1900లో మొదలైన ఆ వంతెన మీద 1997లో రైళ్ళు ఆపేశారు. షికాగో లూప్ దానికంటే మూడేళ్ళు పెద్దది. ఇవాళ్టికీ పొద్దస్తమానం పనిచేస్తోంది. నాకు కాస్త కుళ్ళుగానే అనిపించింది.

రివెట్ వేయడానికి అప్పట్లో నలుగురు కావాలి. ఒకడు కొలిమి దగ్గర కూర్చుని ఎర్రగా కాల్చి పట్టకారుతో విసిరేవాడు. ఇంకొకడు దాన్ని డబ్బాతో గాల్లోనే పట్టి బెజ్జంలో దూర్చేవాడు. మూడోవాడు ఒకవైపు నుంచి అదిమి పట్టుకుంటే, నాలుగోవాడు రెండోవైపు సుత్తియంత్రంతో తల మలిచేవాడు. అది ఆకాశంలో, ఇనప గడ్డర్ల మీద నించుని చేసే పని. చల్లారేటప్పుడు రివెట్ కుంచించుకుని ప్లేట్లను దగ్గరికి లాగుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత గట్టి ఉక్కుతో చేసిన బోల్టులు వచ్చాయి. వాటి వాడకానికి 1951లో అమెరికాలో మొదటి నిబంధనలు రాసుకున్నాక, కొలిమీ పోయింది, డబ్బా పట్టుకున్నవాడూ పోయాడు.

హోటలు ఈస్ట్ వాకర్ డ్రైవ్ మీద ఉంది. ఫోన్లో నీలం చుక్క చెప్పినట్టే నడిచాను. చుక్క హోటల్లోకి వెళ్ళిపోయింది, నేను మాత్రం చీకటి గుహలాంటి రోడ్డు మీద చెత్త లారీల మధ్య ఉన్నాను. సంగతేమిటంటే వాకర్ డ్రైవ్ ఒక్క రోడ్డు కాదు. దాని కింద ఇంకో వాకర్ డ్రైవ్, కొన్నిచోట్ల దాని కింద మరొకటీ! పైరోడ్డు మనుషులకు, కిందిది సరుకు లారీలకు. కింద ఫోన్‌కి సిగ్నలందదు, అందినా మనం ఏ అంతస్తులో ఉన్నామో దానికి తెలీదు. మన ఊళ్ళో దారి తప్పితే టీకొట్టువాణ్ణి అడుగుతాం. ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు, ఒక హోటల్ వెనకద్వారం దగ్గర సిగరెట్ కాలుస్తున్న వంటాయన తప్ప. ఆయన నా సూట్‌కేసు చూసి, ఏమీ అడక్కుండానే ఒక మెట్ల వరస వైపు వేలు చూపించాడు. రోజూ ఇలాంటివాళ్ళు వస్తుంటారనుకుంటాను.

దారి తప్పినందుకు లాభమే జరిగింది. మెట్ల పక్కనే నది, నది మీద మిషిగన్ అవెన్యూ వంతెన అడుగుభాగం. 1920 నాటిది. వంతెనకీ రెండంతస్తులే. పెద్ద పడవొస్తే మధ్యలో రెండుగా విడిపోయి చెరోవైపూ పైకి లేస్తుంది. పైన సెల్ఫీలు దిగేవాళ్ళకు కనపడని రివెట్లన్నీ అక్కడ బారులు తీరి ఉన్నాయి. మీరు వెళితే పైనుంచి ఫోటో తీసుకున్నాక కిందికి కూడా దిగండి, కాకపోతే సూట్‌కేసు లేకుండా.

ఆకలేసి షికాగో పిజ్జా కోసం వెళ్ళాను. డీప్ డిష్ అంటారు. ముప్పావుగంట పడుతుందని వడ్డించే అమ్మాయి ముందే హెచ్చరించింది. మనకు తెలిసిన పిజ్జా కాదిది, దిబ్బరొట్టెకు విదేశీ బంధువు. ఎత్తైన పిండి గోడ, అడుగున జున్ను, పైన టమాటా గుజ్జు. అంటే అంతా తలకిందులు. కత్తితో కోస్తే లోపల్నుంచి జున్ను సాగుతూనే ఉంది. పక్కన జార్డినేరా అని, నూనెలో ఊరేసిన మిరపకాయ, క్యారెట్, కాలీఫ్లవర్ ముక్కలు. చాలా కారంగా ఉంటుంది జాగ్రత్త, అంది. గిన్నెడూ ఖాళీ చేశాను. గోదావరి నాలుక ఆ కారాన్ని లెక్కచేయలేదు. పిజ్జా మాత్రం రెండో ముక్కతో నన్ను ఓడించింది.

మర్నాడు అసలు పని. మా ఆఫీసులో ఒకప్పుడు నా పక్క సీట్లో కూర్చున్న కుర్రాడు ఇప్పుడు ఇక్కడ బోల్టులు, వెల్డింగ్ తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నాడు. నది పడమటి వైపు లేస్తున్న ఒక భవనం దగ్గరికి అనుమతి తీసుకుని పిలిచాడు. హెల్మెట్, కళ్ళద్దాలు, పసుప్పచ్చ జాకెట్ ఇచ్చి, “అన్నా, ఒక్కమాట. ఇండియాలో డ్రాయింగులు గీస్తానని గట్టిగా చెప్పకు. ఇక్కడ డ్రాయింగు గీసినవాణ్ణి తిట్టకుండా ఎవడికీ పూట గడవదు,” అన్నాడు.

పొద్దున్నే వాళ్ళు చేసే మొదటి పని చూసి ముచ్చటేసింది. డయలున్న ఒక హైడ్రాలిక్ యంత్రాన్ని దూలానికి బిగించారు. ఆ రోజు బిగించబోయే లాటులోంచి తీసిన బోల్టును అందులో పెట్టి బిగిస్తారు. బోల్టు ఎంత బలంతో లాగుతోందో ముల్లు చెప్తుంది. ముప్పాతిక అంగుళం బోల్టు, ఏ325 రకం. భవనంలో అది కనీసం 28 కిప్పుల బిగువుతో ఉండాలి, అంటే పన్నెండున్నర టన్నుల పైమాట. పరీక్షలో ఇంకొంచెం ఎక్కువ, 29 చూపించాలి. హైదరాబాదులో ఆ 28ని పట్టికలోంచి ఎన్ని వేలసార్లు ఎత్తి రాశానో! అది ముల్లు కదలికగా కనపడటం ఇదే మొదలు. ముల్లు 20 దాటింది, 25 దాటింది, 29 మీదికెళ్ళి కాస్త ముందుకి జరిగింది. అప్పుడు టక్‌మని చప్పుడు.

ఆ చప్పుడు సంగతి చెప్పాలి. ఈ బోల్టు చివర గాట్లున్న చిన్న తోక ఉంటుంది. కరెంటు పానా ఒకచేత్తో నట్టునీ ఇంకోచేత్తో తోకనీ పట్టుకుని ఎదురెదురుగా తిప్పుతుంది. కావలసిన బిగువు రాగానే తోక మెడ దగ్గర విరిగి పానాలోనే ఉండిపోతుంది, మీట నొక్కితే బయటికి దూకుతుంది. బోల్టుకి తోక లేదంటే బిగించారని గుర్తు. తనిఖీకి కింద నించుని చూస్తే చాలు. ఒక తోక ఏరి చేతిలోకి తీసుకున్నాను. విరిగిన చోట నున్నగా, కొత్తగా మెరుస్తోంది, ఇంకా గోరువెచ్చగా ఉంది. జేబులో వేసుకోవచ్చా అని అడిగితే మావాడు నవ్వి బక్కెట్టు చూపించాడు. నిండా అవే.

ఇంత బిగువు దేనికంటే, ప్లేట్లను ఒకదానికొకటి ఒత్తి పట్టుకోవడానికి. ఆ ఒత్తిడికి పుట్టే రాపిడే కొన్ని అతుకుల్లో బరువు మోస్తుంది, ప్లేట్లు జారవు. మామూలు అతుకుల్లో అంత అక్కర్లేదు, ప్లేటు కొంచెం జారి బెజ్జం అంచు బోల్టుకి ఆనితే చాలు. ఏది ఎక్కడ కావాలన్నది మా లెక్కల్లో సగం తలనొప్పి.

పనివాళ్ళలో ఒక పెద్దాయనున్నాడు. నడుముకి ఒక వింత పానా వేలాడుతోంది. ఒక కొస నట్టు తిప్పడానికి, రెండో కొస మొనదేలి ఉంది. క్రేను మీద దూలం రాగానే ఆ మొనను బెజ్జంలో గుచ్చి, అవతలి బెజ్జంతో కలిపి, దూలాన్ని తనకి కావలసిన చోటికి తెచ్చుకుంటాడు. ఒక్కో కొసకి కనీసం రెండేసి బోల్టులు పడేదాకా క్రేను కొక్కెం విడవకూడదని ఇక్కడ చట్టం. ఆ రెండూ పెట్టడానికి ఆయనకి పట్టిన సేపట్లో నేను హెల్మెట్ పట్టీ సరిచేసుకోలేకపోయాను.

మావాడు నోరాగక నా ఉద్యోగం చెప్పేశాడు. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, “కాగితం మీద బోల్టుకి కావలసిన చోటు బోల్టంతే. ఇక్కడ పానాకీ చోటు కావాలి, పానా పట్టిన చేతికీ చోటు కావాలి. జనవరిలో ఆ చేతికి రెండు గ్లోవులుంటాయి,” అన్నాడు. కోపం లేదు, పాఠం చెప్పినట్టే చెప్పాడు. పానా చోటు పట్టికల్లో ఉంది, మాకు తెలుసు. గ్లోవులు ఏ పట్టికలోనూ లేవు.

ఆ భవనంలో వెల్డింగంతా ఫ్యాక్టరీలో ముగించుకొచ్చారు. సైట్‌లో దాదాపు బోల్టులే. కారణం అక్కడ నించుంటే దానంతటదే తెలుస్తుంది. అక్టోబరుకే ఊరి పక్క సరస్సు మీంచి గాలి చెవులు కోస్తోంది. వెల్డింగ్‌ని కప్పి కాపాడే వాయువు ఆ గాలికి ఎగిరిపోతుంది, ఉక్కు చల్లబడితే ముందు వేడి చేసుకోవాలి, తర్వాత మళ్ళీ పరీక్షలు. ఫ్యాక్టరీలో దూలాన్ని తిప్పి వెల్డర్ ముందు పెట్టొచ్చు, సైట్‌లో వెల్డరే దూలం చుట్టూ తిరగాలి. మన బాలానగర్ షెడ్లలో, విజయవాడ ఆటోనగర్లో వ్యవహారం వేరు కదా. బెజ్జం కలవకపోతే గ్యాస్ కట్టర్ తెస్తారు, ప్లేటు చాలకపోతే ఇంకో ముక్క అతికిస్తారు, సాయంత్రానికి పని అయిపోతుంది. ఇక్కడ బెజ్జాన్ని అలా కోసి పెద్దది చేయాలంటే ఇంజనీరు ఒప్పుకోవాలి. నిజం చెప్పొద్దూ, మనవాళ్ళ చేతివాటం మీద నాకు గౌరవమే, దాని కింద నిద్రపోమంటే మాత్రం ఆలోచిస్తాను.

టీ తాగుతూ మాట కాన్సస్ సిటీ మీదికి వెళ్ళింది. మా పనిలో ఉన్నవాళ్ళు ఇద్దరు కలిస్తే ఎప్పటికైనా అక్కడికి వెళ్ళకతప్పదు. హయత్ రీజెన్సీ హోటల్, 1981 జులై 17. హాల్లో పైనుంచి వేలాడే నడకదారులు రెండు, ఒకదాని కింద ఒకటి. మొదటి డ్రాయింగులో ఒకే కడ్డీ రెంటినీ మోస్తూ కిందిదాకా వస్తుంది. అంత పొడుగునా మర కోయడం కష్టమని డ్రాయింగుల దశలో దాన్ని రెండు ముక్కలు చేశారు. పైకప్పు నుంచి ఒక కడ్డీ పై నడకదారికి, దాన్నుంచి ఇంకో కడ్డీ కిందిదానికి. కాగితం మీద చిన్న మార్పే. కానీ దాంతో పై నడకదారి కింద ఉన్న నట్టు తన బరువుతోపాటు కిందిదాని బరువూ మోయాల్సొచ్చింది. అసలు గీసినదే నిబంధనల ప్రకారం చాలనిది, దాని మీద ఇది రెట్టింపు. ఆ రోజు నడకదారులు రెండూ కూలి 114 మంది పోయారు. ఆ మార్పును ఇంజనీర్లు ఆమోదించారు, లెక్క ఎవరూ మళ్ళీ వేయలేదు. “మన దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి ఇప్పటికీ మొదటి వారం ఇదే చెప్తున్నారా అన్నా?” అన్నాడు మావాడు. అవునన్నాను.

ఆ సాయంత్రం సియర్స్ టవర్‌కి వెళ్ళాం. ఇప్పుడు దాని పేరు విల్లిస్ టవర్, అక్కడ చాలామంది నోటికి ఇంకా సియర్సే. 110 అంతస్తులు, 442 మీటర్లు. ఇంజనీరు ఫజ్లూర్ రహ్మాన్ ఖాన్, ఢాకాలో పుట్టి 1952లో చదువుకోడానికి ఇలినాయ్ వచ్చినవాడు. జాక్సన్, ఫ్రాంక్లిన్ వీధుల మూలన ‘ఫజ్లూర్ ఆర్. ఖాన్ వే’ అని ఒక పలక కనపడింది. వీధికి ఇంజనీరు పేరు! మన దగ్గర కాటన్ దొరగారు తప్ప ఇంకెవరైనా ఉన్నారా అని ఇద్దరం తల గోక్కుని, మోక్షగుండం గుర్తొచ్చి ఊపిరి పీల్చుకున్నాం.

జనం 103వ అంతస్తులో గాజుపెట్టెలో నించుని కాళ్ళ కింద వీధిని చూసి అరుస్తున్నారు. నేనూ అరిచాను. కానీ నాకు నచ్చింది గోడల్లో దాక్కున్నది. పదిహేనేసి అడుగుల దూరంలో స్తంభాలు, వాటిని కలుపుతూ దూలాలు. వీటిని విడివిడిగా పైకి ఎత్తలేదు. రెండంతస్తుల ఎత్తు స్తంభం, దానికి రెండువైపులా సగం సగం దూలాలు ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ చేసి తెచ్చారు. కొమ్మలున్న ఆ ఆకారాన్ని పనివాళ్ళు క్రిస్మస్ చెట్టనేవారు. పైన చేసిందల్లా పక్కపక్క చెట్ల కొమ్మల కొసలు బోల్టులతో కలపడం. కొమ్మలు కలిసే ఆ చోటు దూలానికి నడిమి భాగం, అక్కడ వంపు బలం దాదాపు ఉండదు గనక అతుకు తేలిక. బరువు ఎక్కువున్న మూలను ఫ్యాక్టరీలో నెమ్మదిగా వెల్డింగ్ చేసుకుని, తక్కువున్న చోట ఆకాశంలో బోల్టులు బిగించుకోవడం. ఇంత తెలివైన సోమరితనం నేనెక్కడా చూళ్ళేదు. అయితే ఆ బోల్టు ఒక్కటి కూడా మీకు కనపడదు. అన్నింటి మీదా నిప్పుని ఆపే పూత, దాని మీద నల్లటి అల్యూమినియం రేకు. మీరు తాకాలంటే ఎల్ స్తంభాల దగ్గరికే రావాలి.

ఆదివారం మావాడి కారులో ఊరికి నైరుతిగా ప్లేనో వెళ్ళాం. ఫాక్స్ నది ఒడ్డున మీస్ వాన్ డెర్ రో అనే ఆర్కిటెక్టు గీసిన గాజు ఇల్లుంది, 1951లో పూర్తయింది. ఎడిత్ ఫార్న్స్‌వర్త్ అనే డాక్టరమ్మ వారాంతాలకని కట్టించుకుంది. ఎనిమిది ఉక్కు స్తంభాలు, నేల, కప్పు, మధ్యలో గాజు. అంతే ఇల్లు. నదికి వరదొస్తుందని నేలను అయిదడుగుల పైన నిలబెట్టారు, అయినా కొన్నిసార్లు నది లోపలికొచ్చింది. గోదావరి గట్టువాళ్ళని అడిగుంటే ఇంకో అయిదడుగులు లేపమనేవాళ్ళం.

అక్కడ స్తంభం కప్పును పట్టుకున్న చోట ఏమీ లేదు. బోల్టు లేదు, రివెట్ లేదు, వెల్డింగ్ మచ్చ కూడా లేదు. స్తంభం వచ్చి తెల్లటి పట్టీకి పక్కనుంచి ఆనుకుని ఊరుకుంది. నేను చుట్టూ తిరిగి, వంగి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. గైడుగా ఉన్న పెద్దావిడ ఇదంతా గమనిస్తూ, “ఏమైనా పోగొట్టుకున్నారా?” అంది. వెల్డింగ్ వెతుకుతున్నానన్నాను. ఆవిడ మొహం వెలిగింది. వచ్చినవాళ్ళంతా డాక్టరమ్మకీ ఆర్కిటెక్టుకీ కోర్టు గొడవెందుకైందని అడుగుతారట. ప్లగ్ వెల్డింగ్, అని చూపించింది. బెజ్జం చేసి, దాన్ని కరిగిన లోహంతో పూడ్చి, పైకి ఉబ్బిందంతా అరగదీసి, ఇసకతో రాపాడించి, తెల్లరంగు వేశారు. లూప్‌లో తలలన్నీ బయటపెట్టుకుని నిలబడ్డ స్తంభాలు చూసిన కళ్ళకి ఇది గారడీయే. కానీ పెద్దాయన పానా చూసొచ్చినవాడిగా నా ఓటు లూప్‌కే. అక్కడ ఏది వదులైతే అది కనపడుతుంది.

మీరు వెళ్ళేట్టయితే ఆ ఇంటికి టికెట్ ముందే కొనుక్కోండి, చలికాలంలో మూసేస్తారు. షికాగో నుంచి మెట్రా లోకల్ రైలు అరోరాతో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ప్లేనోకి కారున్న తెలుగువాణ్ణి ఎవర్నైనా పట్టుకోవాలి. అదేమంత కష్టం కాదు. అరోరాలో వెంకటేశ్వరస్వామి గుడుంది, ఆదివారం మధ్యాహ్నం ప్రసాదం తిని పార్కింగు దగ్గర నిలబడి “మీదే ఊరండీ?” అంటే చాలు.